కామయ్య మోటారు

6 సెప్టెంబరు 2024, శుక్రవారం. సాయంత్రం 7:40
రెబెకమ్మ అవ్వ ఇంటి వరండా, ఉదయగిరి

లోపల డేవిడ్‌రాజు లేచాడు. నేను బయటికొచ్చి కూర్చున్నాను.

ప్రతి నెలా మొదటి శుక్రవారం ఈ ఇంట్లో ప్రార్థన. ప్రతి నెలా వాడిదదే పాట. పదిహేడేళ్ళ కిందట అనంతసాగరం దగ్గర రైతుల మోటార్లు విప్పి రాగి తీగ అమ్ముకున్నాననీ, పట్టుబడి తొమ్మిది నెలలు నెల్లూరు జైల్లో ఉన్నాననీ, అక్కడే ప్రభువు తనను ముట్టాడనీ. ఇలా లేచి చెప్పుకోవడం మా చర్చిలో అందరికీ అలవాటే. ఒకరు తాగుడు మానిన సంగతి చెబుతారు, ఇంకొకరు జబ్బు నయమైన సంగతి. మిగతావాళ్ళు ఆమెన్ అంటారు. తర్వాత టీ, మిక్చరు. వాళ్ళెవరితోనూ నాకు పేచీ లేదు. వీడితోనే.

ఇప్పుడే మోటారు దగ్గరకొచ్చాడు. కామయ్యన్న మోటారు, ఐదు హెచ్.పి. అంటున్నాడు. గొంతు వణికేది కూడా ప్రతిసారీ అక్కడే. కామయ్య మా నాయన. ఆ మోటారు పోయిన ఎండాకాలమే మా నిమ్మతోట ఎండిపోయింది. ఊరొదిలి ఇక్కడికి వచ్చాం. నాయన హాస్టల్లో వాచ్‌మన్ అయ్యాడు, వాచ్‌మన్‌గానే పోయాడు. ఆయన పేరు వీడి నోట్లో ఎందుకు? ఎవరో ఒక రైతు అంటే చాలదా? ఒకసారి జైలుకు పోయినవాడు ఇంకోసారి పోతే పీడ విరగడవుతుంది. నెలనెలా నాయన పేరు వినే బాధ నాకు తప్పుతుంది.

8:05. ఇంకా అయిపోలేదు. దోమలు. రేపు చవితి కదా, వీధి చివర పందిట్లో మైకు టెస్టింగ్. వన్, టూ, త్రీ. మళ్ళీ వన్, టూ, త్రీ. నాలుగు రాదేమో వాడికి.

8:20. ఆమెన్.

7 సెప్టెంబరు

తెల్లవారుజామున నాయన వచ్చాడు. డేవిడ్‌రాజు లేచి మాట్లాడిన మర్నాడు తప్పకుండా వస్తాడు. ఎప్పుడూ ఒకటే కల. బావి మీద మోటారు ఆడుతూ ఉంటుంది. గొట్టం దగ్గర నాయన లుంగీ ఎగ్గట్టి కాళ్ళు కడుక్కుంటూ ఉంటాడు. నీళ్ళు తెల్లగా, లావుగా పడతాయి. తోటంతా పూత. కల్లో వాసన రాదంటారు. నాకు నిమ్మపూత వాసన వస్తుంది, లేచాక కూడా కాసేపు దిండు మీద ఉంటుంది.

ఆయన మాట్లాడడు. నేను పిలిచేలోపు కరెంటు పోతుంది, మోటారు ఆగిపోతుంది.

13 సెప్టెంబరు, శుక్రవారం. లంచ్

పొద్దున రిమాండ్‌కు తెచ్చినవాళ్ళలో డేవిడ్‌రాజు ఉన్నాడు. నన్ను చూసి తల వంచుకున్నాడు.

నేను ఆత్మకూరు కోర్టులో స్టెనోని. జడ్జి గారు చెప్పింది టైప్ చేస్తాను, చెప్పనిది చెయ్యను. పదకొండేళ్ళ సర్వీసులో నేర్చుకున్న విద్య ఇదే. ఇవాళ టైప్ చేసింది ఏమిటంటే, అనంతసాగరం దగ్గర కాలవ గట్టు మీద మాల్యాద్రి అనే రైతు మోటారు విప్పి రాగి తీగ పట్టుకుపోయారు. ఆరో తేదీ రాత్రి ఎనిమిదింటికి. సెల్లు లైటు వెలుగులో మాల్యాద్రి కళ్ళారా చూశాడట, డేవిడ్‌రాజేనట. తీగ మాత్రం దొరకలేదు.

మళ్ళీ రాగే. కుక్క తోక అనుకుంటూ టైప్ చేశాను.

సాయంత్రం 6:30. బస్సు

కునుకు పట్టింది. కల్లో చవితి పందిట్లో మైకు. వన్, టూ, త్రీ. ఫోర్ అన్నాడు ఈసారి, నేను ఉలిక్కిపడి లేచాను.

ఆరో తేదీ.

డైరీ తీసి చూశాను. ఉంది. ఏడు నలభై, ఎనిమిదీ ఐదు, ఎనిమిదీ ఇరవై. నా చేత్తో నేనే రాసుకున్నాను. ఉదయగిరి నుంచి అనంతసాగరానికి ఎంత తోలినా బండి మీద గంటన్నర. డేవిడ్‌రాజు అక్కడ లేడు. నాకు పది అడుగుల దూరంలో, గోడకు అవతల, గొంతు వణికించుకుంటూ ఉన్నాడు.

అవ్వ ఉంది, ఇంకా పదిమంది ఉన్నారు. వాళ్ళు చెబుతారులే. కోర్టులో స్టెనో నోరు తెరిస్తే ఉద్యోగానికే చేటు. ఇది నిజమే కానీ ఇది మొత్తం నిజం కాదు. పోలీసులు వాడిని వ్యాన్ ఎక్కిస్తుంటే నాకు కొంచెం హాయిగా అనిపించింది.

4 అక్టోబరు

ప్రార్థన ఏడున్నరకే అయిపోయింది. మొదటిసారి లోపలే కూర్చున్నాను. మిక్చరు కూడా తిన్నాను.

5 అక్టోబరు

నాయన రాలేదు.

1 నవంబరు

డేవిడ్‌రాజుకు బెయిల్ వచ్చింది. ఇవాళ వచ్చి తలుపు దగ్గర, చెప్పుల పక్కన కూర్చున్నాడు. లేవలేదు. కేసు తేలేదాకా పాత సంగతి ఎక్కడా ఎత్తొద్దని లాయరు పెంచలప్రసాద్ గారు గట్టిగా చెప్పారట. ఎవరన్నా ఫోన్లో రికార్డు చేస్తే కొంప మునుగుతుందట. అవ్వ వాక్యం చదివి అందరి వంకా చూసింది. ఎవరైనా చెప్పుకునేది ఉందా అని అడిగింది. డేవిడ్‌రాజు చేతులు వాడి తొడల మీద కదిలాయి. చెక్క గరిటెల షెడ్డులో పని కదా, వేళ్ళ సందుల్లో పొట్టు. అవ్వ ముగింపు ప్రార్థన చేసింది.

2 నవంబరు

ఎన్నాళ్ళుగానో నేను కోరుకున్నది ఇదే. ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర మాత్రం నల్లగా, ఉత్తగా ఉంది.

7 డిసెంబరు

డేవిడ్‌రాజు నిన్నా లేవలేదు. నాయనా రాలేదు.

3 జనవరి 2025

లేవలేదు.

రోజూ బస్సులో కావాలని కళ్ళు మూసుకుంటున్నాను. బస్సు ఇంజను మోటారులాగే మోగుతుంది కదా, దాన్ని పట్టుకుని తోటలోకి పోవచ్చని. పోలేకపోతున్నాను. సోమశిల డ్యాం కట్టినప్పుడు నాయన పుట్టిన ఊరు ముంపులో పోయింది. నీళ్ళు తగ్గిన ఏడాది గుడి గోడలు, బావి వరలు బయటికి కనబడతాయట. ఆ ఊరు నేను చూడలేదు. ఇప్పుడు తోట కూడా ముంపులోకి పోయినట్టుంది.

నాయనను కల్లోకి తెచ్చేది ఆ దొంగేనా? ఇంత అన్యాయం ఉంటుందా?

18 ఫిబ్రవరి, మంగళవారం

మాల్యాద్రి సాక్ష్యం.

చట్టంలో ఒక మంచి పద్ధతి ఉంది. ముద్దాయికి లోగడ శిక్ష పడిందన్న సంగతి తీర్పు దాకా జడ్జి గారి ముందు ఎత్తకూడదు. ముద్దాయి తరఫువాళ్ళే ఆ తలుపు తెరిస్తే తప్ప. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు కదా, అలా కాకూడదని. డేవిడ్‌రాజు పాత కేసు పోలీసుల తరఫున వాదించే ఏపీపీ రేణుకాదేవి గారికి తెలుసు. ఆమె ఎత్తరు, పద్ధతి మనిషి. పెంచలప్రసాద్ గారికి తెలుసు. నాకు తెలుసు. కొత్త జడ్జి గారు జనవరిలో వచ్చారు. హాల్లో తెలియనిది ఆయనొక్కరికే.

మాల్యాద్రి మంచి మనిషిలాగే ఉన్నాడు. అరవై దాటిన రైతు, చొక్కా గుండీ మెడదాకా పెట్టుకుని వచ్చాడు. లైటు వేస్తే మోటారు మీద వంగి ఉన్న మనిషి లేచి పరిగెత్తాడన్నాడు. ముఖం ఎంతసేపు కనబడిందని పెంచలప్రసాద్ గారు క్రాస్‌లో అడిగితే తడబడ్డాడు. చివరికి విసుగొచ్చి అనేశాడు.

"అట్టాంటి పని వాడు గాక ఇంకెవుడు జేస్తాడు సార్, నాకు తెలవదా వాడు..."

జడ్జి గారు చెయ్యి ఎత్తారు. చూసింది మాత్రమే చెప్పమన్నారు. నా వేళ్ళు ఆగాయి. ఆ మాట రికార్డులోకి రాలేదు.

రాకపోవడం డేవిడ్‌రాజుకు మంచిదే. కానీ బస్సులో ఆలోచిస్తే ఇంకోటి తట్టింది. మాల్యాద్రి అబద్ధం చెప్పలేదు. చీకట్లో వంగిన మనిషిని చూశాడు, పాత దొంగతనం గుర్తొచ్చింది, ఆ ముఖం తెచ్చి ఈ ఒంటికి తగిలించాడు. పొరపాటు ఎక్కడ జరిగిందో చెప్పేది ఆ టైప్ చెయ్యని మాటే. కాగితం మీద ఇప్పుడు మాల్యాద్రి కళ్ళారా చూసిన సాక్షి, అంతే.

24 మార్చి, సోమవారం

రెబెకమ్మ అవ్వను బోనెక్కించారు.

ఆమె మిషన్ ఆసుపత్రిలో నర్సుగా రిటైరయింది. డెబ్బయ్యారేళ్ళు. తెల్లచీర, చేతిలో రుమాలు. పొద్దున కోర్టు మెట్ల దగ్గర లాయరు గారు ఆమెకు మూడుసార్లు చెప్పడం విన్నాను. పాత సంగతి మీ నోటి నుంచి రాకూడదు, వచ్చిందా మనవాడు మునిగాడు. అవ్వ మూడుసార్లూ తల ఊపింది.

ఆరో తేదీ ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా డేవిడ్‌రాజు తన ఇంట్లోనే ఉన్నాడని చెప్పింది. చవితి ముందురోజని గుర్తని చెప్పింది. ఏపీపీ గారు నెమ్మదిగా మొదలుపెట్టారు. ప్రార్థనలో ఎవరెవరు మాట్లాడారు? నేను వాక్యం చదివినాను, డేవిడ్‌రాజు మాట్లాడినాడు. ఎంతసేపు? నలభై నిమిషాలు ఉంటాది. ఏం మాట్లాడాడు?

అవ్వ ఆగిపోయింది.

ఏపీపీ గారు మళ్ళీ అడిగారు. ముద్దాయి అక్కడ లేడు, మీరు కల్పించి చెబుతున్నారు, అందుకే చెప్పలేకపోతున్నారు అన్నారు. జడ్జి గారు కూడా చెప్పండమ్మా అన్నారు. ఇంకొకరైతే పాట పాడాడనో, వాక్యం చెప్పాడనో అనేసి దిగిపోయేవాళ్ళు. అవ్వకు అబద్ధం చేతకాదు, నిజం చెప్పొద్దన్నారు. రుమాలు నలుపుకుంటూ నిలబడింది. తర్వాత నా వైపు చూసింది. జడ్జి గారి వైపు కాదు, లాయరు వైపు కాదు, నా వైపు.

విట్నెస్ ఈజ్ అన్‌ఏబుల్ టు స్టేట్ వాట్ ది అక్యూజ్డ్ స్పోక్. విట్నెస్ కీప్స్ సైలెంట్. సాక్షి చెప్పలేకపోయింది, నోరు మెదపలేదు అని జడ్జి గారు చెప్పారు, నేను టైప్ చేశాను. చేతులు ఎప్పటిలాగే ఆడాయి, ఒక్క తప్పు కూడా పడలేదు.

నలభై నిమిషాలు విని, ఏం విన్నదో చెప్పలేని సాక్షిని ఎవరు నమ్ముతారు? నేనైనా నమ్మను. మిగతా పదిమందిని పిలిచినా ఇదే ప్రశ్న, ఇదే మౌనం. లాయరు గారు ఇక సాక్షులు వద్దనుకుంటున్నారు.

డేవిడ్‌రాజు ఆ సాయంత్రం ఎక్కడున్నాడో రుజువు కావాలంటే ఏం చెబుతున్నాడో బయటికి రావాలి. అది బయటికి వస్తే దొంగ అవుతాడు. రాకపోతే ఎలాగూ అవుతాడు.

25 మార్చి. బస్సు, ఉదయం 7:15

కునుకులో కల. నేను టైప్ చేస్తున్నాను, చప్పుడు లేదు. కాగితం మీద అక్షరాలకు బదులు నీళ్ళ చుక్కలు పడుతున్నాయి. అవి ఆరిపోకముందే చదవాలి. చదివి వినిపించాల్సింది నేనే, కానీ నాకు నోరు లేదు.

కళ్ళు తెరిస్తే ఉదయగిరి కొండ వెనకబడిపోతోంది. కొండ మీద కోట సగం మబ్బులో ఉంది.

29 మార్చి, శనివారం

అవ్వ ఇంటికి వెళ్ళాను. కోప్పడుతుందనుకున్నాను. వేరుశనక్కాయలు వేయించి ముందు పెట్టింది. తింటుంటే, ఇన్నేళ్ళుగా వాడు లేస్తే నువ్వు ఎందుకు వరండాలోకి పోతావని అడిగింది.

చెప్పాను. నాయన పేరు వాడి నోట వినలేననీ, వాడు మా పరువు నెలనెలా బజారున పెడుతున్నాడనీ. అవ్వ కాయ ఒలవడం ఆపింది.

"మీ నాయనే గదమ్మీ చెప్పమనింది. జైలు నించి వచ్చి వాడు కాళ్ళ మీద పడితే, లెయ్‌రా, నాకు దండాలు వద్దు అన్నాడు. నెలనెలా నలుగుర్లో చెప్పు, నా పేరు పెట్టి చెప్పు అన్నాడు. పేరు లేకపోతే ఉత్త కథయి పోతాది, నువ్వే మర్సిపోతావు అన్నాడు."

నాకెందుకు చెప్పలేదని అడిగాను. నువ్వు ఎప్పుడు లోపలికొచ్చినావు అంది అవ్వ.

పదకొండేళ్ళు నాయన ఆ చాప మీద, ముందు వరసలో, తల వంచుకుని కూర్చున్నాడు. సిగ్గుతో అనుకున్నాను. వింటున్నాడు. తన తోటను, తన మోటారును, తన పేరును నెలకోసారి వినడానికి వచ్చి కూర్చున్నాడు. గోడకు ఇవతల నేను దోమలు కొట్టుకుంటూ కూర్చున్నాను.

అవ్వ ముందే ఏడ్చాను. సిగ్గేసింది, చాలా. నాయన మీద కోపం కూడా వచ్చింది, నాకో మాట చెప్పి ఉండొచ్చు కదా అని.

30 మార్చి. ఉగాది, ఆదివారం

ఆరాధన అయ్యాక డేవిడ్‌రాజు చర్చి బయట మైకు వైరు చుడుతున్నాడు. దగ్గరికి పోయి డైరీ సంగతి చెప్పాను. టైము వేసి రాశానని చెప్పాను. అందులో ఇంకా ఏం రాశానో కూడా చెప్పాను, పీడ విరగడవుతుందన్న మాటతో సహా. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆయన వైరు చుట్టడం ఆపలేదు. అంతా చుట్టి, ముడేసి, అప్పుడు అన్నాడు.

"రాసుకున్నదాంట్లో అబద్ధం ఏముండాది పాపా. చదువు. నెలనెలా చెప్పుకునేదాన్ని కోర్టులో మాత్రం దాచిపెట్టి, నేను బయటపడి ఏం జేసేది?"

లోపలికి పోతే ఎన్నేళ్ళు పడతాయో తెలుసా అని అడిగాను. తెలుసన్నాడు. మరి నీ ఉద్యోగమో అని అడిగాడు.

1 ఏప్రిల్

పెంచలప్రసాద్ గారు డైరీ చదివి కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. ఇది మందూ, విషమూ కూడా అన్నారు. తేదీ, టైము వరకు చదివిస్తానన్నారు, మిగతాది ఏపీపీ అడిగితే దేవుడే దిక్కన్నారు.

తర్వాత జడ్జి గారి ఛాంబర్లోకి వెళ్ళాను. ఈ కేసులో నేను సాక్షినని చెప్పాను. ఎప్పటి నుంచి తెలుసని అడిగారు. సెప్టెంబరు పదమూడు నుంచి అన్నాను. ఆరు నెలలుగా తెలిసీ నా ముందు కూర్చుని ఇదే కేసు టైప్ చేశావా అన్నారు. చేశాను సార్ అన్నాను. డైరీలో ఏముందో చెప్పబోతే, మాల్యాద్రికి ఎత్తినట్టే నాకూ చెయ్యి ఎత్తారు.

రోజూ ఎదురుగా కూర్చునే మనిషి మాటకు ఎంత విలువ కట్టాలో తాను తేల్చలేనన్నారు. కేసు వేరే కోర్టుకు మార్చమని జిల్లా కోర్టుకు రాస్తానన్నారు. నాకు మెమో వస్తుందని కూడా చెప్పారు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

20 జూన్

కేసు ఉదయగిరి కోర్టుకు మారింది. మెమో వచ్చింది. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి.

ఒక పేజీ రాశాను. అంతా నిజమే రాశాను. వ్యాన్ ఎక్కిస్తుంటే హాయిగా అనిపించిందన్న ఒక్క మాట రాయలేదు.

16 జులై, బుధవారం

ఇన్నేళ్ళలో బోనులో నిలబడడం ఇదే మొదలు. కింద నుంచి చూస్తే తెలియదు, ఆ కమ్మీ చేతులు పడి పడి నున్నగా అరిగిపోయి ఉంది. కిటికీలోంచి కొండ కనబడుతోంది. ఇక్కడ జడ్జి గారు నాకంటే చిన్న మేడం. నేను మాట్లాడితే ఇంకెవరో అమ్మాయి టైప్ చేస్తోంది. ఆ చప్పుడు వింటే నాకే నిద్రలో ఉన్నట్టుంది.

లాయరు గారు తేదీ, టైము, చోటు చదివించారు. లోపల డేవిడ్‌రాజు లేచాడు అన్న వాక్యం చదివించారు. కూర్చున్నారు.

రేణుకాదేవి గారు లేచారు. రెండు కోర్టులకూ ఇప్పుడామే ఏపీపీ. లేచి ఏం చెప్పాడని అడిగారు. లాయరు గారు అభ్యంతరం చెప్పబోయి ముద్దాయి వైపు చూశారు. డేవిడ్‌రాజు చేతులు జోడించాడు, చదవనివ్వండి అన్నట్టు. జడ్జి మేడం ఇద్దరినీ చూశారు. ఏం బయటికొస్తుందో తెలిసే ఒప్పుకుంటున్నారా అని అడిగారు. ముద్దాయి కోరికే ఇదని లాయరు గారు అన్నారు. అయితే పేజీ మొత్తం చదవమన్నారు ఏపీపీ గారు.

చదివాను. వాడు, వీడు అని రాసిందంతా అలాగే చదివాను. రాగి తీగ, తొమ్మిది నెలలు, నెల్లూరు జైలు. కామయ్యన్న మోటారు, ఐదు హెచ్.పి. నా గొంతు సరిగ్గా అక్కడే వణికింది. ఆయన వణికించేవాడు కాదని అప్పుడు తెలిసింది, అది దానంతటదే వణుకుతుంది. పైన ఫ్యాను మోటారులా మోగుతోంది. కాసేపు నేను ఏ ఊళ్ళో ఉన్నానో తెలియలేదు. పీడ విరగడవుతుంది దగ్గర వెనక బెంచీలో ఎవరో నవ్వారు. మైకు, వన్, టూ, త్రీ కూడా చదివాను.

మీరు ఈ మనిషి జైలుకు పోవాలని కోరుకున్నారు కదా అని ఏపీపీ గారు అడిగారు. కోరుకున్నానన్నాను. ఇప్పుడు మాత్రం ఎందుకొచ్చారని అడిగారు. నోటికి కోర్టు భాష రాలేదు.

"మా నాయన మోటారు ఎత్తుకపోయింది ఈయనే మేడం. మాల్యాద్రి మోటారు మాత్రం ఈయన కాదు. ఆ టయానికి మా మోటారు గురించే చెప్తా ఉన్నాడు, నేను గోడ పక్కన కూర్చోని వింటా ఉండా."

ఏపీపీ గారు కూర్చున్నారు. ఆ అమ్మాయి టైప్ చేయడం అయిపోయేదాకా అందరూ ఆగారు.

28 జులై, సోమవారం

కొట్టేశారు. డేవిడ్‌రాజు విడుదల.

తీర్పులో ఒక పేరా ఉంది. లాయరు గారి చేతిలోంచి తీసుకుని రెండుసార్లు చదివాను. ముద్దాయి పాత శిక్షను ఆ సాయంత్రం ఆయన ఏం మాట్లాడుతున్నాడో తెలుసుకోవడానికే చూశామనీ, ఆయన ఎలాంటివాడో తేల్చడానికి కాదనీ. ముద్దాయి జైలుకు పోవాలని కోరుకున్న మనిషి అతణ్ణి విడిపించడానికి టైముతో సహా అబద్ధం రాసి పెట్టుకోదనీ.

వరండాలో మాల్యాద్రి డేవిడ్‌రాజు దగ్గరికి వచ్చాడు. సెల్లు లైటు చాలా చిన్నదన్నాడు. వంగిన వీపు మాత్రం చూశాననీ, ముఖం తానే పెట్టుకున్నట్టున్నాననీ అన్నాడు. ఇద్దరూ కాసేపు వానల గురించి మాట్లాడుకున్నారు.

నా మెమో తేలింది. సెన్సూర్, అంటే మందలింపు, అని సర్వీసు రిజిస్టర్లో ఎర్ర ఇంకుతో ఎక్కిస్తారు. ఇక నాకూ ఒక పాత శిక్ష ఉంది.

1 ఆగస్టు, శుక్రవారం. 7:40. అవ్వ ఇల్లు, లోపల

లేచాడు. ఎవరో ఒక రైతు మోటారు అన్నాడు. నా డైరీ విన్నాడు కదా. నా వైపు చూడకుండా ఆగాడు.

కామయ్య మోటారు అన్నాను. ఐదు హెచ్.పి.

ఇప్పుడు ఎక్కడో మోటారు ఆడుతోంది. ఈ వీధిలో ఎవరికీ మోటారు లేదు. నేను మేలుకునే ఉన్నాను.